ఒకసారికి ఒక్క సెట్టింగే

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వస్తుంటే ఇంజనీరింగ్ కాలేజీలు వరసగా కనిపిస్తాయి. అక్కడ చదివే పిల్లలకు చుట్టుపక్కల బోరుబావులే మంచి ప్రాజెక్టు. ఆర్డుయినో లాంటి చిన్న బోర్డుతో మోటారును ఆన్, ఆఫ్ చేయించవచ్చు.

బోర్డులోకి ఎక్కించే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్, అంటే రిలే, బోర్డులో ఏ పిన్నుకు కలిపాం? మోటారు ఎంతసేపు నడవాలి? కరెంటు పోయి వస్తే ఏం చేయాలి? ఇవన్నీ అందులోని సెట్టింగులు.

చివరిదే అసలు పరీక్ష. 2018 జనవరి 1న తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలైంది. అప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. కరెంటు రాగానే మోటార్లు వాటంతటవే తిరిగితే భూగర్భ జలం వృథా. మన బోర్డు కూడా ఆ పని చేయకూడదు కదా!

ఇక్కడే ఒక చిక్కుంది. చాలా రిలే మాడ్యూళ్లు పిన్ను ‘లో’ అయితే, అంటే దాని వోల్టేజీ తగ్గితే, ఆన్ అవుతాయి. ఆర్డుయినో ఊనోలో పిన్నును ఔట్‌పుట్ చేయగానే అది ‘లో’లో ఉంటుంది. టక్‌మని రిలే పడుతుంది. అందుకే ముందు ‘హై’ రాయాలి, తర్వాతే ఔట్‌పుట్ చేయాలి.

మోటారు బదులు బ్యాటరీ బల్బు కలిపి చూడండి. ప్లగ్గు పీకండి, మళ్లీ పెట్టండి. రీసెట్ నొక్కండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. మళ్లీ చెబుతున్నాను, ఒక్కటే! మార్చింది నోటుబుక్కులో రాయండి. బాగా పనిచేసిన ప్రోగ్రామును విడిగా దాచుకోండి.

త్రీఫేజ్ మోటారు దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను వెంట తీసుకెళ్లండి.