ముందు స్పీకరు, తరువాత రిసీవరు



బోరు వేయించిన రైతు మోటారు కొనడానికి పోతే అంగడివాడు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "బోరు ఎంత లోతు? నీళ్ళు ఎన్ని అంగుళాలు?" అనే కదా! ఆ రెండూ చెప్పకుండా పెద్ద మోటారు ఇమ్మంటే నలుగురూ నవ్వుతారు. కాని ఇంట్లో సినిమా హాలు లాంటి శబ్దం కావాలని హోమ్ థియేటర్ రిసీవరు కొనేటప్పుడు మనలో చాలామంది చేసేది అదే. ఇంట్లో ఉన్న స్పీకర్ల సంగతి చూడకుండా, పెట్టె మీద ఎన్ని వాట్లు రాశారో చూసి డబ్బు ఇచ్చేస్తాం.

రిసీవరు అంటే టీవీ నుంచి, డిస్కు ప్లేయరు నుంచి వచ్చే శబ్దాన్ని అందుకొని, ముందు, మధ్య, వెనుక ఉన్న స్పీకర్లకు వేరువేరుగా పంచి, వాటిని మోగించే యంత్రం. ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు ఉంటే ఆ ఏర్పాటును 5.1 అంటారు.

నాకు తెలిసిన విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు శ్రీనివాసపురం వైపు ఉంటారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత తీసి, బెంగళూరుకు బస్సెక్కి, సిటీ మార్కెట్టు దగ్గర ఉన్న ఎస్.పి. రోడ్డులో పొద్దంతా తిరిగి, ఒక రిసీవరు కొన్నారు. ఇంట్లో పాత స్పీకర్లు రెండు జతలు ఉన్నాయి. రెండు జతలనూ కలిపి ముందు వైపు స్పీకర్ల తావులోనే బిగించారు. ఇరవై నిమిషాలు పాట హాయిగా వచ్చింది. తరువాత రిసీవరు దానంతట అదే ఆగిపోయింది. చల్లారాక వేస్తే పాడింది, మళ్ళీ ఆగింది. పెట్టె మోసుకొని బెంగళూరు పోతే అంగట్లో అది చక్కగా పనిచేసింది. "యంత్రం బాగానే ఉంది సార్, మీ స్పీకర్లే పాతబడ్డాయి, కొత్తవి కొనండి" అన్నారు. ముప్పై ఏళ్ళుగా చూసుకుంటున్న స్పీకర్లను పారవేయడానికి మాస్టారు సిద్ధపడ్డారు.

నిజానికి రిసీవరులోనూ తప్పు లేదు, స్పీకర్లలోనూ లేదు. కలిపిన తీరులో ఉంది.

స్పీకరు వెనుక చీటీ మీద 4, 6, 8 అని ఏదో ఒక అంకె, పక్కన ఓములు అని ఉంటుంది. విద్యుత్తును ఆ స్పీకరు ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె అది. అంకె తగ్గేకొద్దీ రిసీవరు మీద బరువు పెరుగుతుంది. 20 వోల్టుల దగ్గర 8 ఓముల స్పీకరు రెండున్నర ఆంపియర్లు లాగితే, 4 ఓములది 5 ఆంపియర్లు లాగుతుంది. పైపు వెడల్పయితే నీళ్ళు ఎక్కువ పోయినట్లే. మాస్టారి స్పీకర్లు ఒక్కొక్కటి 8 ఓములు. రెండింటిని ఒకే తావులో పక్కపక్కన కలిపితే అవి 4 ఓములు అయిపోయాయి. రిసీవరు వెనుక మాత్రం 6 ఓములకు తగ్గరాదని రాసి ఉంది. అందుకే అది వేడెక్కి, తన్ను తాను కాపాడుకోవడానికి ఆగిపోయేది. రెండవ జతను విప్పి, వెనుక స్పీకర్లకని ఉన్న తావులో కలిపాము. అంతే, రూపాయి ఖర్చు లేకుండా పని జరిగింది.

చీటీ చిరిగిపోయిందా? తీగ విప్పి మల్టీమీటరు పెట్టి చూడండి. 8 ఓముల స్పీకరు సాధారణంగా 6, 7 మధ్య చూపిస్తుంది. 4 ఓములది 3, 4 మధ్య చూపిస్తుంది.

రెండవ అంకె డెసిబెల్స్. ఒక వాటు శక్తి ఇస్తే, ఒక మీటరు దూరంలో స్పీకరు ఎంత గట్టిగా పలుకుతుందో అది చెబుతుంది. 3 డెసిబెల్స్ తేడాకు రెండింతల శక్తి కావాలి. 90 డెసిబెల్స్ స్పీకరు ఒక వాటుతో పలికేది, 84 డెసిబెల్స్ స్పీకరు పలకడానికి నాలుగు వాట్లు కావాలి. అంచేత మీ స్పీకరు బాగా పలికేదైతే, గది చిన్నదైతే, పెద్ద రిసీవరుకు డబ్బు పోయనక్కరలేదు.

మూడవది వాట్లు. ఇక్కడే మోసపోతాం. పి.ఎం.పి.ఓ. అని వేలల్లో రాసిన అంకెను నమ్మకండి. ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్ని అని అడగండి. అదయినా ఎన్ని ఓముల దగ్గర, ఎన్ని స్పీకర్లు ఒకేసారి మోగుతుండగా అని అడగండి. ఒకే స్పీకరు మోగించి, 6 ఓముల దగ్గర కొలిచిన 100 వాట్లు, ఐదూ మోగేటప్పుడు అంత ఉండవు. ఇలాంటి గారడీ అన్ని దేశాల్లోనూ ఉన్నదే. అమెరికాలో వాట్ల ప్రకటనలకు 1974లోనే ప్రభుత్వం నియమం పెట్టవలసి వచ్చింది.

చిన్న రిసీవరయితే స్పీకరుకు ప్రమాదం లేదనుకోవడం కూడా పొరపాటే. శక్తి చాలని రిసీవరును చివరిదాకా తిప్పితే శబ్దం చిట్లుతుంది. ఆ చిట్లిన శబ్దమే సన్నని స్వరాలు పలికే ట్వీటరును కాల్చేస్తుంది. శబ్దం గరగరలాడితే వెంటనే తగ్గించండి.

కాబట్టి బెంగళూరు బస్సెక్కే ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. స్పీకర్లు ఎన్ని, ఒక్కొక్కటి ఎన్ని ఓములు, ఎన్ని డెసిబెల్స్, గది పొడవు వెడల్పులు ఎంత. వీలైతే ఒక స్పీకరును వెంట తీసుకుపోయి, ఆ రిసీవరుకే కలిపించి, మీకు బాగా తెలిసిన పాట వినండి. ఇంటికి వచ్చాక ఎర్ర తావుకు ఎర్ర తీగ, నల్ల తావుకు నల్ల తీగ చూసి కలపండి. ఒక స్పీకరుకు తారుమారైతే మృదంగం దెబ్బలో బరువు పోతుంది. రిసీవరు పైన గుడ్డలు కప్పకండి, గాలి ఆడనివ్వండి.

అంగట్లో మాట ఎంత తియ్యగా ఉన్నా, చేతిలో ఆ కాగితం ఉంటే మీ డబ్బు మీ చేతిలోనే ఉంటుంది. మాస్టారి పాత స్పీకర్లు ఈనాటికీ పాడుతున్నాయి.