పిల్లలమఱ్ఱి



నల్లగొండ సీమలో చెట్లపేరి యూళ్లకు కొదువ లేదు. చింతపల్లి కలదు, మఱ్ఱిగూడ కలదు. కాని సూర్యాపేటకు సుమారు రెండు క్రోసుల దూరమున నున్న యొక చిన్న గ్రామమునకు మన పూర్వులు పిల్లలమఱ్ఱి యని పేరిడిరి. క్రొత్తవారు విని, సంతానము లేనివారు మ్రొక్కుకొను వృక్షమేమో యనుకొందురు. అంత దూరము పోనక్కఱలేదు. మఱ్ఱియూడలు నేలను తాకి, వేరు పాఱి, తామే మ్రాకులగును. తల్లి చుట్టును పిల్లలు నిలిచినట్లుండును. ఈ మాట మొదట పలికినవాడు, చదువు రానివాడైనను, కవియే.

ఈ యర్థమును కన్నులార చూడగోరువారు మహబూబునగరము చెంతనున్న మఱియొక పిల్లలమఱ్ఱికి పోవలెను. అది యూరు కాదు, చెట్టే. ఏడువందల యేండ్లదని చెప్పుదురు. మూడెకరముల నేలను కప్పిన యా చెట్టున తల్లి యేదియో పిల్ల యేదియో పోల్చుట కష్టము. 2017లో నొక పెద్దకొమ్మ విఱిగిపడెను. మఱుసటి యేట చెదలు చంపు మందును, రోగికి సెలైను పెట్టినట్లు, సీసాలు వ్రేలగట్టి బొట్టుబొట్టుగా నెక్కించిరి.

ఇక మన యూరి మాట. కాకతీయుల సామంతులగు రేచర్ల రెడ్లకు ఇది నెలవు. నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయమును, బేతిరెడ్డి భార్య ఎఱకసాని 1208లో ఎఱకేశ్వరాలయమును కట్టించిరి. పేరు నిలుపుకొనదలచినవారు ఆ కాలమున దానిని దేవునికే పెట్టెడివారు. రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో ప్రతిష్ఠించిన దేవుడును రుద్రేశ్వరుడే. జనులు మాత్రము రామప్పగుడి యనుచున్నారు. ఎఱకసాని యదృష్టవంతురాలు. ఎనిమిదివందల యేండ్లు గడచినను శివుని పిలుచువారు ఆమెనే పిలుచుచున్నారు.

అయినను ఆమె యెవరి యిల్లాలో, గుడి యేయేట లేచెనో మనకు తెలిపినది శాసనపుఱాయి. మీ యూరి గుడిముందట అట్టి ఱాయి యున్నయెడల, పండుగనాడు దానికి సున్నము పూయనీయకుడు. భక్తితోనే పూయుదురు, నిజమే. కాని అక్షరములు పూడిపోవును.

గుళ్లకు ప్రభువుల పేర్లు వచ్చినవి గాని యూరికి రాలేదు. కాకతీయులు పోయిరి, నిజాములు పోయిరి. 2016లో జిల్లా చీలి గ్రామము సూర్యాపేట జిల్లాలో చేరెను. పేరు మాత్రము చెట్టుదే. పదునైదవ శతాబ్దమున శృంగార శాకుంతలమును రచించిన పినవీరభద్రుని యింటిపేరును పిల్లలమఱ్ఱియే. ఆ యింటిపేరు గలవారు నేడు కృష్ణకు ఆవలి తీరమునను గలరు. ఈ యూరిని చూడనివారు వారిలో నెందఱో.