శస్త్రచికిత్సకు పూర్వాభ్యాసము



సుశ్రుతసంహితలో యోగ్యాసూత్రీయమను అధ్యాయము కలదు. ఎంత శాస్త్రము చదివినను చేతిపని అభ్యసింపని శిష్యుడు చికిత్సకు అర్హుడు కాడని అందు చెప్పబడినది. కోత నేర్చుటకు సొరకాయ, దోసకాయ, గుమ్మడికాయ వంటివానిని వాడుమని ఆ గ్రంథము విధించినది. పొరపాటు జరుగవలసియున్నచో అది కాయపై జరుగుట మేలు గదా! అయితే కాయ కాయయే. రేపు కత్తి క్రిందికి రానున్న రోగి దేహము వంటిది కాదు. ఆ రోగి దేహమునకు ప్రతిరూపమునే ముందుగా అభ్యాసమునకు తెచ్చుకొనుట మన కాలమున కంప్యూటరు వలన సాధ్యమైనది.

ఇది యెట్లు జరుగునో చూతము. 1971లో లండనునందు, హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. యంత్రముతో తొలిసారి ఒక రోగి మెదడును పరీక్షించిరి. మామూలు ఎక్స్‌రే చిత్రమున అవయవములు ఒకదానిపై నొకటి పడి కనిపించును. సి.టి. యంత్రము దేహమును పలుచని పొరలుగా విడదీసి చూపును. అందు ప్రతి బిందువునకు ఒక సంఖ్య యుండును: నీటికి సున్న, గాలికి మైనస్ 1000, ఎముకకు వందలు, వేలు. మెదడు వంటి మెత్తని అంగములను ఎం.ఆర్.ఐ. మరింత స్పష్టముగా చూపును. ఈ పొరలను కంప్యూటరు పేర్చి, ఎముకను, రక్తనాళమును, కంతిని వేర్వేరుగా గుర్తించి, తెరపై రూపము కట్టును. వైద్యుడు పట్టుకొను పిడికి చిన్న మోటార్లు అమర్చి, కండ చేతికి ఎదురొత్తినట్లు తోపింతురు. ఆ ఒత్తిడిని సెకనుకు సుమారు 1000 సార్లు లెక్కకట్టవలెను. లేనిచో ఆ స్పర్శ సహజముగా నుండదు.

2009లో కెనడాలోని హాలిఫాక్సు నగరమున డేవిడ్ క్లార్క్ అను వైద్యుడు ఒక రోగి మెదడులోని కంతిని మొదట ఇట్టి యంత్రముపై తొలగించి చూచి, పిమ్మట నిజముగా తొలగించెను. ఆ యంత్రమును రూపొందించినది ఆ దేశపు జాతీయ పరిశోధన మండలి.

తెరపై ఒక దారి తప్పినచో వెనుకకు వచ్చి మరియొక దారి వెదకవచ్చును. ఈ మేలు గొప్పది. కాని యొక హెచ్చరికయు మేము చేయక తప్పదు. చిత్రము ఆకారమును చెప్పును గాని మెత్తదనమును నిశ్చయముగా చెప్పలేదు. కంతి వెన్నవలె నున్నదో, ముదిరిన కొబ్బరివలె నున్నదో కంప్యూటరు చాలవరకు ఊహింపవలసినదే. పైగా పుర్రె తెరచి, లోని ద్రవము జారినంతనే మెదడు కొంత క్రుంగును. నిన్నటి చిత్రములోని చోటు నేడు కొన్ని మిల్లీమీటర్లు జరిగియుండవచ్చును. మాటను, నడకను ఏలు భాగముల కడ ఆ తేడాయే జీవితమును మార్చివేయును. తెరపై పని చక్కగా సాగినదన్న ధీమాతో ఎదుటనున్న మెదడును చూచుట మానినచో అభ్యాసమే అపాయమగును.

మా యింట ఎవరికైన ఇట్టి చికిత్స అవసరమైనచో, ముందుగా అభ్యసించిన వైద్యునినే మేము కోరుదుము. అభ్యాసము ఒకటి చెప్పి, దేహము వేరొకటి చెప్పినపుడు, చేయి నిలిపి దేహము మాట వినగల వైద్యుని అంతకంటెను కోరుదుము.