కోడు చూపిస్తారు, అర్థం చెప్పరు

(మండల రైతు సంఘం మహాసభలో ఒక రైతు కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల గురించి, గిట్టుబాటు ధర గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నేను ట్రాక్టరు గురించి చెప్తాను. ఇంజను పక్కన అరచేయంత పెట్టె ఒకటుంటుంది. కంపెనీవాళ్లు ఈసీయూ అంటారు, మన మెకానిక్కులు కంప్యూటర్ అంటారు. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి కదా, అప్పట్నించి ఈ పెట్టె మన పొలాల్లోకి బాగా దిగింది. పొగ తగ్గితే మంచిదే, దానికి నేను అడ్డం కాదు. నా తగువు వేరే.

మొన్న సార్వాలో కాలవ నీళ్లొచ్చిన వారం. నాది 55 హెచ్‌పీ బండి. దమ్ము చక్రాలు వేసి చేలో దిగాను. నడుస్తూ నడుస్తూ బలం పడిపోయింది. ఎంత రేస్ ఇచ్చినా లేవదు. మీటరులో ఎర్ర దీపం, దాని పక్కన 157, 3 అని అంకెలు. సర్వీసుకు ఫోన్ చేస్తే, లాప్‌టాప్ ఉన్న మనిషి ఒక్కడే, పక్క మండలంలో ఉన్నాడన్నారు. మూడో రోజుకు వచ్చాడు. వైరు గుచ్చి తెర చూశాడు, బానెట్ ఎత్తాడు. సెన్సరుకు పోయే వైరును ఎలుక కొరికేసింది. అతికాడు, టేపు చుట్టాడు, కోడు చెరిపాడు. అరగంట పని, 3,500 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచండి. అక్కడ ఆకుమడి ముదిరిపోతోంది, నాట్ల ముఠాకు బయానా ఇచ్చేశాను. గంటకు 1,400 పోసి వేరే బండి పెట్టుకున్నాను.

ఆ అంకెల అర్థం నాకు తెలిసుంటే మొదటి రోజే మా ఊరి మెకానిక్కు ఆ వైరు చూసేవాడు. తర్వాత నేర్చుకున్నాను. మొదటి అంకె ఏ భాగమో చెప్తుంది, రెండోది దానికేమైందో. 157 అంటే డీజిల్ రైలులో ప్రెషరు. 100 ఇంజను ఆయిలు ప్రెషరు, 110 రేడియేటరు నీటి వేడి, 97 డీజిల్లో నీళ్లు. రెండో అంకె 3 అయితే వోల్టేజి ఎక్కువ చూపిస్తోందని, 4 అయితే తక్కువని, 5 అయితే కరెంటు అందట్లేదని. ఈ మూడూ చాలాసార్లు వైరు గొడవలే. ఇవి కంపెనీ రహస్యాలు కావండీ, ఎన్నో దేశాల్లో బరువు వాహనాలకు వాడే ఉమ్మడి అంకెలు. కొన్ని కంపెనీలు సొంత అంకెలు పెట్టుకుంటాయి, అక్కడే మనం దొరికిపోతాం.

ఇంకో మాట. కోడు చెరపడం రిపేరు కాదు. ఎవరో కుర్రాడు ఫోను, చిన్న డబ్బా తెచ్చి చెరిపేస్తే దీపం ఆరుతుంది. జబ్బు ఉంటే మళ్లీ వెలుగుతుంది. చెరిపే ముందు అంకెలు రాసుకోండి. బ్యాటరీ చూడండి, వోల్టేజి పడిపోతే లేనిపోని కోడ్లు వస్తాయి. ప్లగ్గుల్లో బురద నీళ్లు చేరాయేమో చూడండి. బండికి వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ తీగలు ముందు విప్పండి, లేకపోతే పెట్టె కాలిపోవచ్చు. డీజిల్ రైలు పైపు మాత్రం ఇంజను నడుస్తుండగా విప్పకండి. అక్కడ ప్రెషరు 1,000 బార్లు దాటుతుంది, చేతిలోకి డీజిల్ దూసుకుపోతే చెయ్యే పోతుంది. పొగ శుద్ధి డబ్బా పీకేసి పెట్టెలో మార్పు చేస్తామనేవాళ్ల జోలికి అసలే పోవద్దు.

అన్నీ మన చేతిలో లేవు. ఇంజెక్టరు మారిస్తే దాని మీదున్న నంబరును పెట్టెలో ఎక్కించాలి. అది చాలా బండ్లకు కంపెనీ సాఫ్ట్‌వేరుతోనే అవుతుంది. సామాను కొనుక్కోవచ్చు, బిగించుకోవచ్చు, బండి మాత్రం ఒప్పుకోదు! లక్షలు పోసి కొన్నది మనం, తాళంచెవి వాళ్ల దగ్గర.

అమెరికా రైతులూ ఇదే పేచీ పడ్డారు. కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. వ్యవసాయ యంత్రాల మాన్యువళ్లు, పనిముట్లు, సాఫ్ట్‌వేరు కంపెనీలు రైతుకూ బయటి మెకానిక్కుకూ ఇవ్వాలని దాని సారం. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. ముందుగా తీసుకున్న రంగాల్లో వ్యవసాయ యంత్రాలున్నాయి. తర్వాత పోర్టల్ కూడా పెట్టారు. పోర్టల్‌తో దమ్ము సాగదు కదండీ. కోడ్ల పుస్తకం తెలుగులో బండితోపాటే ఇవ్వాలి. కోడ్లు చదివే సాఫ్ట్‌వేరు ఊరి మెకానిక్కుకు సరసమైన ధరకు అమ్మాలి. సీజన్లో కోడు పడితే 24 గంటల్లో మనిషి రావాలి. ఈ మూడూ తీర్మానంలో పెట్టమని కమిటీని కోరుతున్నాను.

కలెక్టరు దగ్గరకు పోయినప్పుడు ఉత్త మాటలు చాలవు. అందుకే ఊరికో నోటుపుస్తకం పెట్టండి. ఏ తేదీన ఏ కోడు పడింది, మనిషి ఎన్నో రోజుకు వచ్చాడు, ఎంత తీసుకున్నాడు, చివరికి తేలిందేమిటి, అన్నీ రాయండి. మా ఊళ్లో మొదలుపెట్టాం, ఏడు బండ్లవి ఎక్కాయి. వచ్చే నెల సమావేశానికి మీవి కూడా తెండి.