మన బడి వెనకున్న చెరువు కట్ట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం మట్టికట్టల మీదే గడిచింది. ‘మీ ఉద్యోగ అనుభవాలు చెప్పండన్నా’ అని మన కార్యదర్శి తమ్ముడు అడిగాడు. అవన్నీ చెబితే భోజనాలు చల్లారిపోతాయి. ఒక్క చెరువు గురించే మాట్లాడతాను. అది మన బడి వెనకున్న చెరువు.

మన గ్రౌండు తూర్పు మూల ఎండాకాలంలో కూడా తడిగా ఉంటుందని మీ అందరికీ తెలుసు. కబడ్డీ ఆడుతూ అక్కడ జారిపడని వాళ్లు ఈ సభలో తక్కువే. ఆ తడి కట్టలోంచి వచ్చే ఊట. మట్టికట్ట అన్నాక ఊట ఉంటుంది. బడి బావి ఎండకపోవడానికి కారణం కూడా అదే. కాబట్టి ఊటను చూసి బెదరనక్కర్లేదు. చెరువు అంతే మట్టం నిండినప్పుడు నిరుటి కంటే ఊట పెరిగిందా, నీళ్లు తేటగా వస్తున్నాయా, మట్టి కలిసి వస్తున్నాయా, కొత్త చోట ఎక్కడైనా మొదలైందా అన్నవే అడగాల్సిన ప్రశ్నలు. వీటికి ఇవాళ ఊళ్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎవరూ కొలవలేదు కాబట్టి.

ప్రభుత్వం చూసుకోదా అని మీరు అడగొచ్చు. 2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రత చట్టం చేసింది. మంచి చట్టం. వర్షాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయాలని, ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే ప్రణాళిక రాసుకోవాలని అందులో ఉంది. కానీ అది 15 మీటర్ల కంటే ఎత్తైన వాటికి, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఎత్తుండి కొన్ని షరతులకు సరిపోయే వాటికి మాత్రమే వర్తిస్తుంది. మన కట్ట ఎత్తు ఆరు మీటర్లు. తెలంగాణలో చిన్నా పెద్దా కలిపి 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి. వాటిలో చాలా వరకు ఆ గీతకు కిందే ఉన్నాయి. శాఖలో ఒక్కో ఏఈ కింద ఎన్ని చెరువులుంటాయో నాకు తెలుసు. వానరాత్రి అన్ని కట్టల మీదా ఒకే మనిషి నిలబడలేడు. ఇది ఫిర్యాదు కాదు, లెక్క.

చిన్న చెరువు తెగితే ఏమవుతుందిలే అనుకోకండి. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర తెగిన చెరువు నీళ్లు రైలు పట్టాల కింద మట్టిని కోసుకుపోయాయి. ఆ తెల్లవారుజామున వచ్చిన డెల్టా ప్యాసింజరు అందులో పడింది. వంద మందికి పైగా చనిపోయారు. 2021 నవంబరు 19న కడప జిల్లా చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అది చెరువు కాదు, ప్రాజెక్టే. అయినా పాఠం ఒకటే. స్పిల్‌వే దాటించగలిగింది రెండు లక్షల పైచిలుకు క్యూసెక్కులైతే, వచ్చింది మూడు లక్షల పైచిలుకు. పైనున్న పింఛా కట్ట తెగిన నీళ్లు కూడా దానికి తోడయ్యాయి. దిగువన పులపత్తూరు, మందపల్లి మునిగాయి. 2024 జులైలో మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టుకు గండి పడింది. కట్ట తెగింది తెలంగాణలో, ఎక్కువగా మునిగింది ఆంధ్రలోని వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్లు.

మనది కూడా గొలుసుకట్టు చెరువే. పైన మూడున్నాయి. పై చెరువు తెగితే ఆ నీళ్లు మత్తడి దారి వెతుక్కోవు, కట్ట మీదుగా పొర్లుతాయి. కట్ట మీదుగా నీళ్లు పొర్లితే మట్టికట్ట గంటల్లో పోతుంది.

లెక్కల సార్ ముందు వరసలోనే ఉన్నారు, కాబట్టి ఒక చిన్న లెక్క. మన చెరువుకు నీళ్లొచ్చే నేల 25 చదరపు కిలోమీటర్లు అనుకుందాం. ఒక రాత్రి పది సెంటీమీటర్ల వాన పడి, అందులో సగం పారి వచ్చిందనుకుందాం. అది 12 లక్షల 50 వేల ఘనపు మీటర్ల నీరు. ఆ నీరు ఆరు గంటల్లో వస్తే సగటున రెండు వేల క్యూసెక్కులు. ఆ నీళ్లన్నీ మత్తడి మీదుగానే పోవాలి. మరి మత్తడి ఎలా ఉంది? నిన్న సాయంత్రం చూసొచ్చాను. చేపలు పోకుండా అడ్డంగా వల కట్టారు. ఆ వలకు చెత్తా, గుర్రపుడెక్కా పట్టుకుంటే అది గోడైపోతుంది. దాని పక్కన, ఇంకొన్ని నీళ్లు ఆగుతాయని ఎవరో ఇసుక బస్తాలు పేర్చారు. చేపలు పట్టేవాళ్లనూ రైతులనూ తప్పుపట్టను, వాళ్ల కూడు అందులోనే ఉంది. కానీ మత్తడి ఎత్తు పెంచడమంటే కట్ట ఎత్తు తగ్గించడమే. వల తీసే తేదీ ఒకటి అందరూ కూర్చుని ముందే మాట్లాడుకోవాలి.

పూర్వం నీరటి ఉండేవాడు. తూము తీయడం, మూయడం, రాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద తిరగడం ఆయన పని. కాగితం మీద ఏమీ రాసేవాడు కాదుగానీ, ఏ చోట ఎంత చెమ్మ ఉండాలో పాదాలకు తెలిసేది. మన ఊళ్లో ఇప్పుడు ఆ కొలువు లేదు. ఆ పాదాలకు బదులు మనం కొలతలు పెట్టుకోవాలి.

పెద్ద సామానేమీ అక్కర్లేదు. తూము గోడ మీద అడుగులు, అంగుళాలు కనిపించేలా రంగు వేయిస్తే నీటిమట్టం తెలుస్తుంది. గ్రౌండు మూల ఊటనంతా ఒక చిన్న కాలువలోకి మళ్లించి, సమకోణంలో వి ఆకారపు గాటు కోసిన రేకు అడ్డం పెట్టాలి. గాటులో నీళ్లు ఐదు సెంటీమీటర్ల ఎత్తున పోతుంటే సెకనుకు ముప్పావు లీటరు. పది సెంటీమీటర్లయితే నాలుగు లీటర్లు దాటుతుంది. ఎత్తు రెట్టింపైతే ఊట ఐదున్నర రెట్లు పెరిగినట్టు. కంటికి ‘కాస్త పెరిగింది’ అనిపించేది ఎంత పెరిగిందో రేకు చెబుతుంది. ఇక ఒక గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి పొద్దుటిదాకా కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరితే కట్ట లోపల మట్టి కదులుతోందని అర్థం. అప్పుడు ఆలస్యం చేయకూడదు.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. కట్ట వెలుపలి వైపు బుంగ పడితే మనవాళ్లు వెంటనే బంకమట్టి కుక్కుతారు. అలా చేయకండి. నీళ్లు ఆగవు, ఇంకో చోట మరింత బలంగా తన్నుకొస్తాయి. దాని మీద ముందు ఇసుక, ఆ పైన సన్న కంకర, ఆ పైన పెద్ద కంకర వేయాలి. నీళ్లు పోవాలి, మట్టి ఆగాలి. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి అందులో కాస్త నీళ్లు నిలబెడితే ఒత్తిడి తగ్గుతుంది. చెరువు లోపలి వైపు సుడి తిరుగుతుంటే మూయాల్సింది అక్కడ. ఈలోగా తూము తెరిచి మట్టం దించాలి. ఇంజనీరుకు కబురు పెట్టాలి, దిగువ ఇళ్లను ఖాళీ చేయించాలి. బడి పిల్లలను ముందు.

కట్ట మీది సర్కారు తుమ్మను ఏటా కొట్టించాలి. చెట్టు పెద్దదయ్యాక కొట్టి వేరు వదిలేస్తే అది కుళ్లి సొరంగమవుతుంది. పందికొక్కుల బొక్కలు కనబడాలన్నా కట్ట శుభ్రంగా ఉండాలి. కట్టమైసమ్మ గుడి దగ్గర ఏటా శుభ్రం చేస్తాం కదా, ఆ పని మత్తడి దాకా సాగించడమే.

మన సంఘం స్వర్ణోత్సవ గుర్తుగా బడి ముందు స్వాగత తోరణం కట్టాలనుకుంటోంది. వద్దనను. ఆ డబ్బులో కొన్ని వేలు నాకివ్వండి. వానకొలత పరికరం ఒకటి బడి ఆవరణలో పెడదాం. మన దేశంలో వాన లెక్క పొద్దున ఎనిమిదిన్నరకు తీస్తారు. దాదాపు ప్రార్థన వేళ. తొమ్మిదో తరగతి పిల్లలు కొలిచి బోర్డు మీద రాస్తారు. పిల్లల పని అంతవరకే. వాన పడేటప్పుడు కట్ట మీదికి వాళ్లను పంపకూడదు, అది పెద్దల వంతు. రేకు దగ్గర ఊట కొలిచి పుస్తకంలో రాసే పని నేను చేస్తాను, నాకు పెన్షన్ వస్తోంది, తీరిక ఉంది.

పై మూడు చెరువుల ఊళ్ల వాళ్లు ఈ సభలో ఉన్నారు. మన బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో శుభోదయాలకు కొదవ లేదు. వానాకాలంలో వాటితో పాటు ‘మా చెరువు మత్తడి దుంకింది’ అని ఒక్క మాట పంపండి. అర్ధరాత్రయినా పరవాలేదు, ఫోను కూడా చేయండి. సర్పంచ్, ఏఈ, తహసీల్దార్, పోలీస్ స్టేషన్ నంబర్లతో ఒక కాగితం హెడ్మాస్టర్ గారి గదిలోనూ, దిగువ వాడలో ప్రతి ఇంట్లోనూ అంటిద్దాం.

భోజనాలయ్యాక నేను కట్ట మీదికి వెళ్తున్నాను. మత్తడి దాకా ముప్పావు గంట నడక. వచ్చేవాళ్లు రండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, ముళ్లున్నాయి. ఖాళీ సీసా ఒకటి తెచ్చుకోండి.