పంపు పిన్‌కోడ్ అడిగింది

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దటి నుంచి అందరూ బడి జ్ఞాపకాలు చెప్తున్నారు. కార్యదర్శి నాతో మాత్రం "నువ్వు ఇంజనీరువి గదా, ఏదన్నా పనికొచ్చేది చెప్పు" అన్నాడు. నిన్న రాత్రి మన సార్లతో కూర్చుని ముచ్చట పెడితే ఒక సంగతి తెలిసింది. మనలో చాలామంది పిల్లలు ఇప్పుడు బయటి దేశాల్లో ఉన్నారు. వచ్చే ఎండాకాలానికి టికెట్లు తీసుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఏడెనిమిది మంది ఉన్నారు. అందుకని పరాయి దేశంలో కారు నడుపుకుంటూ పోతే పెట్రోల్‌కు పైసలెట్లా కట్టాలో చెప్తాను. నవ్వకండి. ఇదీ ఒక విషయమేనా అని నేనూ నవ్వినవాణ్నే. ఆ విషయం చివరికి మా అమ్మ ఆసుపత్రి దాకా వచ్చింది.

మా చిన్నప్పుడు బల్మూర్‌లో డీజిల్ అంటే డబ్బా. బావి దగ్గర ఆయిల్ ఇంజను ఉండేది. నాయిన అచ్చంపేట పోయినప్పుడు డబ్బా నింపుకొచ్చేవాడు. నడుమ అయిపోతే మన బడి దారిలో ఉన్న కిరాణం కొట్టుకు నన్ను తోలేవాడు. ఆ కొట్టాయన కొడుకు నా తరగతే. ఆయన లీటరు కొలతతో పోసి, ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో నాయిన పేరు కింద రాసుకునేవాడు. పైసలు పంట వచ్చినంక. ముందు సరుకు, తర్వాత పైసలు. ఉద్దెర అంటే అదే. పెద్దయ్యాక కూడా నా తలలో ఉన్న లెక్క అదే. మన బంకుల్లో ఇప్పటికీ ముందు పోసి, తర్వాతే గదా పైసలు తీసుకునేది?

2023 జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లాం, నేనూ మా ఆవిడా. అమ్మాయి ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. తనకు సెలవు దొరకలేదు. నయాగరా మనమే చూసొద్దామని నా పేరు మీద కారు అద్దెకు తీసుకున్నాను. ఆర్టీఏ ఆఫీసు నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ముందే తెచ్చుకున్నాను. ఎడమ చేతి వైపు స్టీరింగ్ ఒకరోజు ప్రాక్టీసు చేశాను. పెట్రోల్ గురించి మాత్రం ఆలోచించలేదు. దానికి కారణం న్యూజెర్సీయే. ఆ రాష్ట్రంలో పెట్రోల్ మనంతట మనం పోసుకోకూడదు. 1949లో చేసిన చట్టం ఇంకా అమల్లో ఉంది. ఒరెగాన్‌లో కూడా అలాంటి నియమమే ఉండేది, నేను వెళ్లిన ఏడే దాన్ని ఎత్తేశారు. ఎడిసన్‌లో బంకుకు పోతే హిందీ మాట్లాడే ఒక పిల్లగాడు వచ్చాడు. నేను అద్దం దించి నోట్లు ఇచ్చాను, అతను పోశాడు. అచ్చంపేటలో ఉన్నట్టే ఉంది. అమెరికా అంతా ఇంతేననుకున్నాను.

పెన్సిల్వేనియాలోకి పోయాక, స్క్రాంటన్ దాటినంక, పెట్రోల్ లైటు వెలిగింది. రాత్రి తొమ్మిది. బంకులో మనిషి లేడు. పంపుకు తెర, కార్డు పెట్టే సందు, అంకెల మీటలు ఉన్నాయి. క్రెడిట్ కార్డు పెట్టాను. మన కార్డయితే నాలుగంకెల పిన్ అడుగుతుంది గదా. అది అడగలేదు. "జిప్ కోడ్ కొట్టు" అన్నది.

జిప్ కోడ్ అంటే వాళ్ల పిన్‌కోడ్. వాళ్లకు 1963లో వచ్చింది, మనకు 1972 ఆగస్టు 15న వచ్చింది. మనది తయారుచేసినాయన తపాలా శాఖ అధికారి శ్రీరామ్ భికాజీ వేలంకర్. మన తెలుగు సారు లేఖారచన చెప్పేటప్పుడు చిరునామా చివర పిన్‌కోడ్ రాయకపోతే ఒక మార్కు కోసేవారు. సారు ఇక్కడే ఉన్నారు. సార్, మీరు కోసిన మార్కు నేను మరిచిపోలేదు. 509తో మొదలయ్యే ఆ ఆరు అంకెలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పంపు తెర మీద ఉన్నవి అయిదు గళ్లే. వాళ్ల జిప్ కోడ్ అయిదంకెలు.

ఆ యంత్రానికి ఆ అంకెలు ఎందుకో తర్వాత తెలుసుకున్నాను. దొంగిలించిన కార్డుతో ఎవరూ పెట్రోల్ పోసుకుని పోకుండా, కార్డు బిల్లు ఏ చిరునామాకు వెళ్తుందో ఆ జిప్ కోడ్ అడిగి బ్యాంకుతో సరిచూస్తారు. ఆ ఏర్పాటు అమెరికా బ్యాంకుల కోసం చేసింది. మన బ్యాంకును అడిగితే దాని దగ్గర జవాబు ఉండదు. కెనడా వాళ్లకు ఒక కిటుకు ఉంది. వాళ్ల పోస్టల్ కోడ్‌లో అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటాయి. అందులో మూడు అంకెలు తీసుకుని చివర రెండు సున్నాలు కలిపి కొడితే చాలాచోట్ల పనిచేస్తుంది. మనకు అలాంటిదేమీ లేదు. నేను మా పిన్‌లో మొదటి అయిదంకెలు కొట్టాను, కాదంది. చివరి అయిదు కొట్టాను, కాదంది. అమ్మాయి ఇంటి జిప్ కొట్టాను. అన్నీ సున్నాలు కొట్టాను. నాలుగోసారి తర్వాత "లోపల క్యాషియర్‌ను కలవండి" అని తెర మీద వచ్చింది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. లోపలికి పోయి అడిగితే రెండు నిమిషాల పని. మా ఆవిడ కారులోంచి అడగమనే అంటోంది. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది పంపుల పనే. కల్వకుర్తి ఎత్తిపోతలలో ఎల్లూరు దగ్గర మోటార్లు బిగించే పనిలో ఉన్నాను. అలాంటివాణ్ని, పెట్రోల్ పంపు నడపరావడం లేదని ఒక అమెరికా పిల్లను అడగడానికి నామోషీ అనిపించింది. డెబిట్ కార్డు తీశాను.

డెబిట్ కార్డుకు పిన్ అడిగింది. హమ్మయ్య అనుకుని కొట్టాను. ఒప్పుకున్నట్టే ఉండి, మళ్లీ క్యాషియర్ దగ్గరికి పొమ్మంది. పక్క పంపుకు కారు జరిపి ఇంకోసారి. దాని పక్కదానికి జరిపి మూడోసారి. పెట్రోల్ ఒక్క చుక్క రాలేదు. అప్పుడు లోపలికి పోయాను. ఆ పిల్ల ఏమీ నవ్వలేదు. "పంపు ఎంత, డాలర్లు ఎన్ని" అని అడిగింది. "ఆరో పంపు, నలభై డాలర్లు" అని జేబులోంచి రెండు ఇరవై నోట్లు ఇచ్చాను. బయటికొచ్చేసరికి పంపు తయారుగా ఉంది. అంతే పని.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ముందు పైసలు కట్టించుకునే పంపుకు మీరెంత పోసుకుంటారో తెలియదు. అందుకని కార్డు పెట్టగానే ఒక పెద్ద మొత్తాన్ని మీ ఖాతాలో బ్లాక్ చేయిస్తుంది. 2022 నుంచి అమెరికాలో అది 175 డాలర్ల దాకా ఉండొచ్చు, అంతకుముందు 125. మీరు నలభై డాలర్లదే పోసుకుంటే నలభై తీసుకుని మిగతాది వదిలేస్తారు. వదిలేది వెంటనే కాదు. క్రెడిట్ కార్డయితే బ్యాంకు లిమిట్‌లో అంత తగ్గుతుంది, మనకు తెలియను కూడా తెలియదు. డెబిట్ కార్డయితే మన సొంత సొమ్మే ఆగిపోతుంది. నాది మూడుసార్లు, ఒక్కోసారి 125 చొప్పున, 375 డాలర్లు ఆగింది. అప్పటి లెక్కలో ముప్పై వేల రూపాయల పైమాట. పోయని పెట్రోల్‌కు.

కారు ఇంకా పార్కింగ్‌లోంచి బయటికి తీయలేదు, ఫోను వచ్చింది. ఇక్కడ పొద్దున ఆరున్నర అయింది. అమ్మ వాకిట్లో జారి పడింది, తుంటి ఎముక విరిగినట్టుంది, నాగర్‌కర్నూల్ తీసుకుపోతున్నామని పక్కింటివాళ్లు. తమ్ముడు ఊళ్లో లేడు. ఆసుపత్రిలో నలభై వేలు కట్టమన్నారు. ప్రయాణానికి ముందు నేను డబ్బంతా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, ఖాతాలో అరవై వేలు ఉంచుకున్నాను. ఫోనులో యూపీఐ పనిచేస్తోంది, ఖాతాలో మాత్రం ఇరవై తొమ్మిది వేల చిల్లర ఉంది. డిపాజిట్ విరగ్గొడదామంటే ఓటీపీ నా ఇండియా సిమ్‌కు పోతుంది. దానికి రోమింగ్ పెట్టించలేదు. క్రెడిట్ కార్డు చూస్తే, నాలుగుసార్లు తప్పు జిప్ కొట్టినందుకు ఎవడో దొంగ అనుకుని బ్యాంకు ఆపేసింది. "ఇది మీరేనా" అని వాళ్లు మెసేజ్ పంపారట. అదీ ఆ సిమ్‌కే.

అమ్మాయి చదువుకునే పిల్ల. తను పంపినా అందేసరికి ఒకటి రెండు రోజులు. మా ఆవిడ ఏటీఎం కార్డు హైదరాబాద్‌లో బీరువాలో ఉంది. ఆ బంకు దీపాల కింద నిలబడి, కిరాణం కొట్టు నడిపే నా తరగతి దోస్తుకు ఫోన్ చేశాను. పూర్తిగా చెప్పనే లేదు. "అంబులెన్స్ వెనకాలే మోటార్ సైకిల్ మీద పోతున్న. పైసల ముచ్చట ఎందుకురా ఇప్పుడు?" అన్నాడు. పక్కింటివాళ్లు నాకంటే ముందు వాడికే చెప్పారట. నలభై వేలు వాడే కట్టాడు. అమ్మకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. మేము ఆ రాత్రే వెనక్కి తిరిగాం, నయాగరా చూడలేదు.

ఇక ప్రయాణం పెట్టుకున్నవాళ్లు కొన్ని సంగతులు రాసుకోండి. 2020 అక్టోబర్ 1 తర్వాత ఇచ్చే మన కార్డులు రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం విదేశాల్లో వాటంతట అవి పనిచేయవు. బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి, పరిమితి కూడా పెట్టుకోవాలి. రెండు వేర్వేరు బ్యాంకుల క్రెడిట్ కార్డులు ఉంటే మేలు. అద్దె కారు వాళ్లు డిపాజిట్ అని ఒక కార్డులో కొంత బ్లాక్ చేస్తారు, పెట్రోల్‌కు రెండోది ఉంచుకోండి. డెబిట్ కార్డు పంపులో పెట్టొద్దు. ఫారెక్స్ కార్డులో ఉన్నది కూడా మీరు ముందే నింపిన సొమ్మే కాబట్టి దాన్నీ పెట్టొద్దు. ఇండియా సిమ్‌కు కనీసం మెసేజ్‌లు వచ్చేంత రోమింగ్ తీసుకోండి. యంత్రం "రూపాయల్లో కట్టుకుంటావా, డాలర్లలోనా" అని అడిగితే డాలర్లే అనండి. రూపాయలంటే మారకం రేటు వాళ్లిష్టం. కార్డు వాడినందుకు మన బ్యాంకు చాలా కార్డుల మీద మూడు, మూడున్నర శాతం దాకా తీసుకుంటుంది, దాని మీద జీఎస్టీ వేరే. జేబులో ఎప్పుడూ అరవై, డెబ్బై డాలర్ల నోట్లు ఉంచుకోండి. జిప్ అడిగితే ఆటలాడకుండా నేరుగా లోపలికి పోయి పంపు నంబరు, మొత్తం చెప్పండి. నోట్లిచ్చి తక్కువ పోసుకుంటే చిల్లర వాపసు ఇస్తారు.

ధర చూసి మోసపోవద్దు. బోర్డు మీద ఉండేది గాలన్ ధర. గాలన్ అంటే 3.785 లీటర్లు. నేను పోసుకున్నది గాలన్ మూడున్నర డాలర్ల పైన పడింది, మన లెక్కలో లీటరు డెబ్బై ఎనిమిది రూపాయలు. అప్పుడు హైదరాబాద్‌లో 109 రూపాయల పైన ఉంది. ధర చివర చిన్నగా 9/10 అని ఉంటుంది, అది సెంటులో పదింట తొమ్మిది వంతులు. మన చెప్పుల దుకాణం ధరల తరహా. కొన్ని బంకుల్లో నోట్లకు ఒక ధర, కార్డుకు ఇంకో ధర.

ఇంకొకటి, ఇది నాలోని ఇంజనీరు మాట. 87 అని రాసి ఉంటే మన 91 కన్నా నాసిరకం పెట్రోల్ అనుకోకండి. ఆక్టేన్‌ను రెండు రకాలుగా కొలుస్తారు. మనం ఒక కొలత రాస్తాం, వాళ్లు రెండు కొలతల సగటు రాస్తారు. సుమారుగా రెండూ ఒకటే. అక్కడ చాలా బంకుల్లో ఆకుపచ్చ గొట్టం డీజిల్‌ది. కొన్నింట్లో పెట్రోల్‌దీ ఆకుపచ్చే. రంగు చూడొద్దు, అక్షరం చదవండి.

దేశానికో తీరు. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ముందు పోసుకుని తర్వాత లోపలికి పోయి కడతారు, అది మన పద్ధతికి దగ్గర. సింగపూర్‌లో ఉండే మన బడి తమ్ముడొకడు కారులో మలేషియా పోతుంటాడు. సింగపూర్ బండి సరిహద్దు దాటాలంటే ట్యాంకులో ముప్పావు వంతు పెట్రోల్ ఉండాలి, లేకపోతే జరిమానా. అవతల చవక పెట్రోల్ పోసుకు రాకుండా పెట్టిన నియమం. మలేషియా వాళ్లేమో రాయితీ ఇచ్చే 95 రకం పెట్రోల్‌ను పరాయి దేశపు బండ్లకు 2010 నుంచే అమ్మొద్దన్నారు. వాడు 97 రకం పోసుకోవాల్సిందే.

నా 375 డాలర్లు తొమ్మిదో రోజు వాటంతట అవే వాపసు వచ్చాయి. ఇంటికి రాగానే దోస్తు కొట్టుకు పోయాను. పైసలు ఇస్తుంటే వాడు గల్లా కింది నుంచి పుస్తకం తీశాడు. ఇప్పటికీ ఎర్ర అట్టే. నా పేరు మీద తారీకు వేసి "అమ్మ దవాఖాన 40,000" అని రాసి ఉంది. దాని మీద గీత కొట్టి, చాయ్ తెప్పించాడు. ఇవాళ మన భోజనాల ఏర్పాటు వాడే చూస్తున్నాడు. వెనక వంటల దగ్గర ఉన్నాడు, ఇదంతా వినలేదు. మీరు వాడికి చెప్పకండి.