వేదిక మీద వాయిద్యం మార్పు
(విశ్రాంత ఉద్యోగుల సంఘం సాంస్కృతిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాటల కార్యక్రమాల్లో నేను లాప్‌టాప్ ముందు పెట్టుకుని కీబోర్డు వాయించడం చూసి, "అదే వాయించేస్తుందా ఏమిటండీ?" అని చాలామంది మిత్రులు అడుగుతున్నారు. ఆ సంగతి నాలుగు మాటల్లో చెప్పమని కార్యదర్శి గారి ఆజ్ఞ.

వాయించేవి నా వేళ్ళే. అయితే వేలు మెట్టు మీద పడినప్పుడు వేణువు పలకాలా, వయొలిన్ పలకాలా అన్నది లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఒక్కొక్క వాయిద్యానికి చేసిపెట్టుకున్న అమరికను ప్యాచ్ అంటారు. పల్లవికి ముందు వేణువు, చరణానికి ముందు వయొలిన్లు కావాలంటే పాట నడుస్తుండగానే ప్యాచ్ మార్చాలి. పద్య నాటకాలకు హార్మోనియం వాయించిన రోజుల్లో నాకీ బాధ లేదు. దానికున్నది ఒకటే గొంతు.

1983లో వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదాని మాట ఒకటి వినేందుకు మిడి అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. అందులో ప్యాచ్ మార్చమనే ఉత్తర్వు ఒక సంఖ్య. మొత్తం 128 సంఖ్యలు. 1991లో జనరల్ మిడి పేరుతో ఏ సంఖ్యకు ఏ వాయిద్యమో జాబితా కూడా ఇచ్చారు. 41 వయొలిన్, 74 వేణువు, 105 సితార్, 112 షెహనాయి. మన హార్మోనియానికి మాత్రం అందులో చోటు దొరకలేదు. 21వ నంబరు రీడ్ ఆర్గాన్‌తో సరిపెట్టుకోవలసిందే!

ఇందులో ఒక చిక్కు ఉంది. కొన్ని యంత్రాలు 1 నుండి 128 వరకు లెక్కిస్తే, కొన్ని 0 నుండి 127 వరకు లెక్కిస్తాయి. పెళ్ళిపాటలో షెహనాయి కోసం 112 అని పంపితే, సున్నా నుండి లెక్కపెట్టే యంత్రంలో అది 113వది అవుతుంది. అంటే చిరుగంట మోగుతుంది. ఫైలు నంబరులో ఒక అంకె తేడా వస్తే పక్క సెక్షను ఫైలు మన బల్ల మీదికి వచ్చినట్లన్నమాట.

ఇంకొక సంగతి. నిజమైన వాయిద్యాలను రికార్డు చేసి తయారు చేసిన మంచి ధ్వనులు చాలా పెద్దవి. అప్పటికప్పుడు తెరవబోతే కొన్ని సెకన్లు పడుతుంది. ఈలోగా పాడేవారు చరణం ఎత్తుకుంటారు. కనుక ఆ సాయంత్రానికి కావలసినవన్నీ ముందే లాప్‌టాప్ మెమరీలోకి ఎక్కించి ఉంచుకోవాలి. అప్పుడు ప్యాచ్ మార్పు అంటే మెట్లను ఒక వాయిద్యం నుండి తప్పించి ఇంకొకదానికి కలపడమే. పాత స్వరం పుటుక్కున తెగకుండా, దాని చివర దాకా సాగి ఆగుతుంది. ఆపిల్ వారి మెయిన్‌స్టేజ్, విండోస్‌లో కాంటబైల్ వంటివి ఇందుకోసమే ఉన్నాయి. పాటల వరుస ప్రకారం ప్యాచ్‌లు పేర్చుకుంటే, వేదిక మీద ఎడమ కాలితో పెడల్ నొక్కడమొక్కటే పని. కుడి పెడల్ స్వరం నిలపడానికి. రెండూ పక్కపక్కన పెట్టకూడదు.

అన్నిటికంటె ముఖ్యమైనది శ్రుతి. కొన్నేళ్ళ క్రితం ఒక కార్యక్రమానికి బయటి నుండి ఆర్కెస్ట్రాను పిలిచారు. అంతకుముందు పాడిన అమ్మాయి కోసం కీబోర్డు శ్రుతి పెంచి, ఆ వాద్యకారుడు దించడం మరచిపోయాడు. తరువాత మన మిత్రుడొకరు మాయాబజార్ పడవ పాట ఎత్తుకున్నారు. ఆయనకు 74 ఏళ్ళు. మనవలు ముందు వరుసలో కూర్చున్నారు. పై స్వరానికి వెళ్ళేసరికి గొంతు పట్టేసింది. "దగ్గు వచ్చింది, క్షమించండి" అని దిగిపోయారు. దగ్గు రాలేదని పక్కనున్న మాకు తెలుసు. ఆ తరువాత మూడేళ్ళు ఆయన మైకు ముట్టలేదు.

వయసుతో శ్రుతి దిగుతుంది. అందులో నామోషీ ఏమీ లేదు. రెండున్నర శ్రుతిలో పాడినవారు ఒకటికి వచ్చారంటే మూడు మెట్లు దించాలి. ఆ సంగతిని ఆ పాట ప్యాచ్‌లోనే రాసి పెట్టాలి. మార్పు లేని పాటకైనా సున్నా అని నింపి తీరాలి. లేకపోతే ముందు పాట శ్రుతి దీనికి అంటుకుంటుంది. స్టేట్‌మెంటులో "నిల్" అని రాయకుండా గడి ఖాళీగా వదిలితే పై ఆఫీసు వారు ఊరుకునేవారా? నేనిలా రాసిపెట్టుకుంటున్నప్పటి నుండి ఆ మిత్రుడు ఒకటి శ్రుతిలో హాయిగా పాడుతున్నారు.

ఇక చిన్న జాగ్రత్తలు. ఇంటర్నెట్టు ఆపాలి. అప్‌డేట్లు, తెర మూసుకుపోవడం నిలిపివేయాలి. ఛార్జరు తగిలించే ఉంచాలి. ఉపన్యాసాల సమయంలో చెయ్యి తగిలి కూత పెట్టకుండా పాటకూ పాటకూ మధ్య ఏ ధ్వనీ లేని ప్యాచ్ ఒకటి పెట్టుకోవాలి. స్వరం ఆగకుండా పట్టుకుపోతే అన్నిటినీ ఒకేసారి ఆపే మీట ఎక్కడుందో చీకట్లో కూడా తెలియాలి. తెర మీది అక్షరాలు మాత్రం పెద్దవిగా పెట్టుకోండి. మా కంటి డాక్టరు గారు కూడా అదే అన్నారు.

వచ్చే కార్యక్రమంలో పాడదలచినవారు పాట పేరు, శ్రుతి ఒక కాగితం మీద రాసి వారం రోజుల ముందుగా నాకు ఇవ్వగలరు. తమ శ్రుతి తెలియనివారు మా ఇంటికి రండి, హార్మోనియం దగ్గర కూర్చుని చూసుకుందాం. సాయంత్రం 5 దాటితే ఇంట్లోనే ఉంటాను.